గొట్టాల మీద కూడా రంగే

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. పాత ట్రాక్టర్లకి ఫ్యాక్టరీలో పెయింట్ ఎలా వేసేవాళ్లో చెప్పమన్నారు, ముందే చెప్పేస్తున్నా, ఇది విన్నాక మీలో కొందరికి నా మీద కోపం రావొచ్చు, ఎందుకంటే మనం రీస్టోర్ చేసి షోకి తెచ్చే బండ్లు అద్దంలా మెరుస్తాయి, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, కానీ ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఆ బండి అలా లేనే లేదు.

కార్ల సంగతి వేరు. 1920ల్లో కార్లకి త్వరగా ఆరిపోయే లాకర్ పెయింట్లు వచ్చాయి, కోటు మీద కోటు వేసి, రుద్ది, పాలిష్ పెట్టేవాళ్లు. ట్రాక్టర్‌కి అంత సీన్ లేదండి, మర్నాడే బురదలో దిగే బండి అది. తుప్పు పట్టకూడదు, దూరం నుంచి చూస్తే ఏ కంపెనీదో తెలియాలి, అంతే, దానికి ఎనామిల్ చాలు.

ఇప్పుడు బండి మధ్య భాగం చూడండి. ఇంజన్ బ్లాకు, గేర్ బాక్సు, వెనక యాక్సిల్ హౌసింగ్, అన్నీ పోత ఇనుమే, ఫోర్డ్ కంపెనీ ట్రాక్టరైన ఫోర్డ్‌సన్‌ లాంటి వాటికి వేరే ఫ్రేమే ఉండదు, ఈ పోతలనే ఒకదానికొకటి బోల్టులతో బిగించేస్తారు. ఇసుక అచ్చులో పోసిన ఇనుము కాబట్టి పైన గరుకు ఉంటుంది, అతుకు దగ్గర పొడుచుకొచ్చిన ముక్కని గ్రైండర్‌తో ఒకసారి గీకి వదిలేసేవాళ్లు, లప్పం పెట్టి నున్నగా చేసే ఓపిక ఎవరికుంది? మనవాళ్లు ఇప్పుడు ఆ గరుకంతా లప్పంతో పూడ్చేసి టేబుల్ టాప్‌లా చేస్తున్నారు, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

చాలా ఫ్యాక్టరీల్లో ముందు బండి బిగించేసి, తర్వాత ఆయిల్ జిడ్డు పోయేలా కడిగి, అప్పుడు స్ప్రే బూత్‌లోకి పంపేవాళ్లు. లైను నడుస్తూ ఉంటుంది, అటు ఇటు గన్నులు పట్టుకున్న మనుషులు, గన్ను ముందు ఏది పడితే దాని మీద రంగు పడిపోవడమే, బోల్టు తలలు, ఇత్తడి ఫిట్టింగులు, రేడియేటర్ రబ్బరు గొట్టాలు, వాటి క్లాంపులు, ఒక్కోసారి ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో కూడా. గన్ను అందని చోట, ట్యాంకు అడుగున, బ్రాకెట్ల వెనక, పల్చగా పొగ పట్టినట్టు ఉంటుంది. అందుకే బోల్టులు విడిగా తళతళలాడుతూ, గొట్టాలు నల్లగా నిగనిగలాడుతూ ఉన్న షో బండిని చూస్తే ఇది పెళ్లికి ముస్తాబైందిలే అనుకుంటా నేను.

బానెట్, మడ్‌గార్డుల్లాంటి రేకు సామాను మాత్రం విడిగా రంగు వేసి, ఓవెన్‌లో కాల్చి తర్వాత బిగించడం ఎక్కువ, అందుకే అవి కాస్త మెరిసేవి. కొన్ని భాగాలు, ముఖ్యంగా చక్రాల్లాంటివి, రంగు తొట్టిలో ముంచి పైకి ఎత్తేవాళ్లు, కింది అంచున బొట్టు కారుతూ కారుతూ గడ్డకట్టి ఉండిపోయేది. అన్ని కంపెనీలూ ఒకేలా చేశాయని కాదు, ఒకే ఫ్యాక్టరీలో కూడా ఏళ్లు మారితే పద్ధతి మారేది.

రంగుల మాటకొస్తే, మొదట్లో బూడిద రంగే ఎక్కువ. 1917లో అమెరికాలో వచ్చిన ఫోర్డ్‌సన్ బూడిద ఒళ్లు, ఎర్ర చక్రాలు. 1929లో ఆలిస్ చామర్స్ వాళ్లు పర్షియన్ ఆరెంజ్‌కి మారారు, వాళ్ల ట్రాక్టర్ విభాగం చూసే హ్యారీ మెరిట్ కాలిఫోర్నియాలో పాపీ పూల పొలం చూసి ఆ రంగు పట్టుకున్నాడని కథ చెప్తారు. అవతల పొలం నుంచి పక్క రైతు కంట్లో పడాలి కదా, అమ్మకం అక్కడే మొదలవుతుంది. 1936లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల ఫార్మాల్ ట్రాక్టరు ఎరుపెక్కింది, 1939లో కేస్ కంపెనీ బండ్లు కూడా ఎరుపే. ఇంగ్లండ్‌లో అయితే కథ ఇంకోలా నడిచింది, డాగెన్‌హామ్‌లో తయారయ్యే ఫోర్డ్‌సన్ 1937లో నీలం నుంచి నారింజకి వచ్చింది, తీరా రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ నారింజ విమానాల్లోంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని ఆకుపచ్చ చేసేశారు. ఫెర్గూసన్ ట్రాక్టర్లు ఈ గోలకి దూరం, 1933 నాటి నమూనా బండి నల్లరంగు, 1946 నుంచి కొవెంట్రీలో వచ్చిన టీఈ20 మోడల్ మొత్తం బూడిదే.

అందుకని మీ దగ్గర 1936కి ముందు ఫార్మాల్ ఎర్రగా ఉంటే కంగారుపడకండి, మధ్యలో ఎవరో ఓనర్ కొత్త బండిలా కనపడాలని వేయించి ఉంటారు. సీటు బ్రాకెట్ కిందో, ట్యాంకు బిగించే పట్టీ కిందో మెల్లగా గీకండి, పొరలు పొరలుగా అన్నీ బయటపడతాయి. గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి, తడిపి గీకండి, ఆ రోజుల పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉండేది, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ పని షెడ్డులోనే, బట్టలు కూడా అక్కడే మార్చుకోండి.

ఆ మూల చెయ్యెత్తింది ఎవరండీ, అడగండి.