కాన్స్ట్, స్టాటిక్ రీడ్‌ఓన్లీ: సీ షార్ప్‌లో ఏది ఎక్కడ వాడాలి?

నమస్కారం. ఈరోజు రివ్యూకు తీసుకున్నవి సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాషలోని కాన్స్ట్, స్టాటిక్ రీడ్‌ఓన్లీ. రెండింటి పనీ ఒకటే అనిపిస్తుంది: ఒకసారి పెట్టిన విలువను మళ్లీ మార్చనివ్వవు. మరి తేడా ఎక్కడుందో చేసి చూద్దాం.

స్క్రీన్ మీద చూడండి. ఒక లైబ్రరీలో, అంటే వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్‌లో, పన్ను రేటును పబ్లిక్ కాన్స్ట్‌గా 12 అని రాశాను. ఇంకో ప్రోగ్రామ్ దాన్ని వాడుకుంటోంది. ఇప్పుడు 12ను 18గా మార్చి, లైబ్రరీ డీఎల్ఎల్ (కంపైలైన ఫైలు) ఒక్కదాన్నే మళ్లీ బిల్డ్ చేసి, పాతదాని స్థానంలో పెడుతున్నాను. నడిపిద్దాం... చూశారా, ఇంకా 12 అనే చూపిస్తోంది! ఎర్రర్ లేదు, హెచ్చరిక కూడా లేదు. ఎందుకంటే కాన్స్ట్‌ను వాడిన ప్రతిచోటా కంపైలర్ ఆ అంకెనే నేరుగా రాసేస్తుంది. నడిచేటప్పుడు ప్రోగ్రామ్ ఆ విలువ కోసం లైబ్రరీ వైపు చూడనే చూడదు. దాన్ని కూడా మళ్లీ కంపైల్ చేస్తేనే 18 వస్తుంది. అంతవరకు బిల్లులన్నీ తప్పుడు పన్నుతోనే వెళ్తుంటాయి. నా దృష్టిలో ఇది చాలా పెద్ద ప్రమాదం.

కాన్స్ట్ తీసేసి స్టాటిక్ రీడ్‌ఓన్లీ పెట్టి, లైబ్రరీని, ప్రోగ్రామ్‌ను రెండింటినీ ఒకసారి కంపైల్ చేశాను. ఇకపై డీఎల్ఎల్ ఒక్కటి మార్చినా చాలు, కొత్త విలువ వచ్చేస్తోంది. ఫీల్డు లైబ్రరీలోనే ఉంటుంది, ప్రోగ్రామ్ అక్కడి నుంచే చదువుకుంటుంది. పైగా ఇందులో తేదీలు, ఆబ్జెక్టులు, ప్రోగ్రామ్ మొదలయ్యాక లెక్కగట్టిన విలువలు కూడా పెట్టుకోవచ్చు.

కాన్స్ట్ వేగంగా ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. సీ షార్ప్ ప్రోగ్రామ్‌లను నడిపే డాట్‌నెట్ కోర్‌లో 3.0 నుంచి టైర్డ్ కంపైలేషన్, అంటే కోడ్‌ను దశలవారీగా కంపైల్ చేసే పద్ధతి, డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటోంది. ఎక్కువసార్లు నడిచే మెథడ్‌ను జిట్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా పనిచేసే కంపైలర్) మళ్లీ కంపైల్ చేసేటప్పుడు, అప్పటికే విలువ పెట్టేసిన స్టాటిక్ రీడ్‌ఓన్లీ అంకెలను స్థిరాంకాలుగానే చూడగలుగుతుంది. కాబట్టి వేగం కోసం కాన్స్ట్ ఎంచుకోవలసిన పని లేదు.

అలాగని కాన్స్ట్‌ను వదిలేయమనను. మ్యాథ్ క్లాసులోని పై (π) విలువ కాన్స్టే, అది ఏనాటికీ మారదు. అట్రిబ్యూట్‌లకు (కోడ్‌కు తగిలించే అదనపు సమాచారానికి) ఇచ్చే విలువలు, స్విచ్‌లోని కేసు లేబుళ్లు స్టాటిక్ రీడ్‌ఓన్లీతో కుదరవు. ప్రైవేట్ కాన్స్ట్‌తోనూ పాత విలువ మిగిలిపోయే ఇబ్బంది రాదు, బయటివారికి కనబడదు కదా.

స్టాటిక్ రీడ్‌ఓన్లీలోనూ ఒక లోపం ఉంది. పబ్లిక్‌గా ఒక అర్రే (విలువల వరుస) పెడితే, దాని స్థానంలో వేరే అర్రేను పెట్టనివ్వదు గానీ, లోపలి అంశాలను ఎవరైనా మార్చేయవచ్చు. అలాంటప్పుడు లోపలి అంశాలనూ మార్చనివ్వని ఇమ్యూటబుల్ అర్రే వాడండి.

జావాలో రాసేవారూ జాగ్రత్త: స్టాటిక్ ఫైనల్‌లో నేరుగా అంకె రాస్తే, అక్కడా అది వాడిన క్లాసులోకి కాపీ అయిపోతుంది.