ఎండిన బావి లెక్కలో ఉందా? దక్కన్ రాతినేలలో భూగర్భజల మట్టం

అందరికీ నమస్కారం.

దక్షిణ భారతంలో భూగర్భజలం పెరుగుతోందా, తగ్గుతోందా అని అడిగితే గత పదేళ్లలో శాస్త్రవేత్తల నుంచే రెండు రకాల జవాబులు వచ్చాయి. 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ఆకర్ష్ అశోకా, విమల్ మిశ్రా తదితరులు ఒక పత్రం ప్రచురించారు. 2002 నుంచి 2013 వరకు ఉత్తరాదిలో భూగర్భజల నిల్వ ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున తగ్గిందని, దక్షిణాదిలో 1 నుంచి 2 సెంటీమీటర్ల చొప్పున పెరిగిందని అందులో తేల్చారు. కానీ అదే కాలంలో మన ఊళ్లలో బావులు ఎండాయి, బావుల్లోనే బోర్లు దించారు, అవీ ఎండితే పక్కనే ఇంకా లోతుగా వేశారు. నీరు పెరుగుతుంటే రైతు అప్పు చేసి మరీ లోతుకు ఎందుకు పోతాడు?

2019లో తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు ఈ చిక్కు ముడి విప్పారు. జియోఫిజికల్ రీసెర్చ్ లెటర్స్‌లో వచ్చిన వారి పత్రం చెప్పే విషయం సూటిగా ఉంటుంది. నీటిమట్టం కొలవడానికి ఎంచుకున్న పరిశీలక బావుల్లో కొన్ని ఎండిపోయాయి. ఎండిన బావికి కొలత లేదు కాబట్టి రిజిస్టరులో ఆ గడి ఖాళీగా మిగిలింది. కొలతలు సరిపడా లేని బావులను పక్కన పెట్టి ధోరణి, అంటే ఏళ్ల తరబడి మట్టం ఎటు పోతోందన్నది, లెక్కగట్టడం పరిశోధకుల అలవాటు. దాంతో లెక్కలో మిగిలినవి నీళ్లున్న బావులే.

చిన్న లెక్క వేసుకుందాం. ఒక మండలంలో 12 మీటర్ల లోతున్న ఐదు బావులు ఉన్నాయనుకోండి. మొదటి ఏడాది మే నెలలో నీరు 6, 7, 8, 10, 11 మీటర్ల లోతులో ఉంది. సగటు 8.4. కొన్నేళ్లకు మొదటి మూడు బావుల్లో నీరు 7, 7, 9 మీటర్ల దగ్గర ఉంది, మిగతా రెండూ అడుగంటాయి. ఎండినవాటిని వదిలేస్తే సగటు 7.7. అంటే మట్టం 70 సెంటీమీటర్లు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. ఎండిన బావుల్లో నీరు కనీసం 12 మీటర్ల కిందికి పోయిందని రాసి చూడండి. సగటు 9.4కు చేరుతుంది, అంటే మట్టం కనీసం ఒక మీటరు పడింది. మూడు బావుల్లో ఒక్కటి కూడా పైకి రాలేదు, అయినా సగటు మట్టం మాత్రం పైకి వచ్చినట్టు కనిపించింది. ఎవరూ అబద్ధం రాయలేదు, కొలత తప్పలేదు. ఖాళీ గడిని సమాచారంగా చూడకపోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

ఇదంతా మన నేలలో ఇంత తీవ్రంగా ఎందుకుందో అర్థం కావాలంటే కింద రాయి ఎలా ఉందో చూడాలి. గంగా మైదానంలో వందల మీటర్ల మందాన ఇసుక, ఒండ్రు ఉంటాయి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా భాగం గ్రానైట్, నైస్ రాళ్లదే. ఈ రాతిలో నీరు ఎక్కడ ఉంటుందన్న దానిపై హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్‌కు చెందిన భూగర్భ పరిశోధన సంస్థ బీఆర్‌జీఎం కలిసి మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేశాయి. హైదరాబాద్‌కు దక్షిణాన సుమారు 53 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం అది. అక్కడ తేలిన చిత్రం ఇది. పైన కొన్ని మీటర్ల నుంచి పదిహేను మీటర్ల దాకా రాయి శిథిలమై మొరం అవుతుంది. దాని కింద అడ్డంగా, నిలువుగా పగుళ్లున్న పొర ఉంటుంది. బోరులోకి నీళ్లు పోసేది ఈ పొరే. పగుళ్లు పైన దట్టంగా ఉంటాయి, కిందికి పోయేకొద్దీ పలచబడతాయి. మహేశ్వరంలో నీరు పారే పగుళ్లు దాదాపు అన్నీ సుమారు 40 మీటర్ల లోపే, అంటే 130 అడుగుల లోపే దొరికాయి. ఆ కింద ఉన్నది గట్టి బండ. అందులో ఎక్కడో ఒక పెద్ద చీలిక తగిలితే నీళ్లు పడతాయి, తగలకపోతే దుమ్మే వస్తుంది. 600 అడుగులు, 800 అడుగులు తవ్వించే రైతు ఆ ఒక్క చీలిక మీద ఆశతో డబ్బు పోస్తున్నాడు.

ఇక ఈ రాతిలో ఎంత నీరు ఇముడుతుందన్న ప్రశ్న. నీటిమట్టం ఊగే పొరలో, మట్టం దిగినంత మేర ఉన్న రాతి పరిమాణంలో ఎంత శాతం నీరు బయటికి వస్తుందో దాన్ని స్పెసిఫిక్ యీల్డ్ అంటారు. మహేశ్వరంలో అది సుమారు 1.4 శాతమని 2006లో ప్రచురించారు. వేసవిలో మోటార్లు ఎంత తోడాయో, మళ్లలోంచి ఎంత తిరిగి ఇంకిందో, మట్టం ఎంత పడిందో మూడూ కలిపి చూసి ముందు ఈ శాతం రాబట్టారు. తర్వాత అదే శాతంతో వానాకాలపు పెరుగుదలను లెక్కగట్టి వాన ఎంత ఇంకిందో తేల్చారు. రాతినేలలకు ఇంతకంటే నమ్మదగ్గ పద్ధతులు తక్కువే ఉన్నాయి.

1.4 శాతమంటే ఏమిటో ఒక పరీవాహకం మీద చూద్దాం. వంద హెక్టార్ల నేలలో పది హెక్టార్లలో యాసంగి వరి బోర్ల కింద వేశారనుకోండి. వరికి 1200 మిల్లీమీటర్ల నీరు పెట్టారు. ఈ ప్రాంతపు కొలతల ప్రకారం వరి మడిలోంచి సుమారు సగం తిరిగి కిందికి ఇంకుతుంది. కాబట్టి నికరంగా పోయింది 600 మిల్లీమీటర్లు, అంటే 60 వేల ఘనమీటర్లు. వంద హెక్టార్లకూ పరిస్తే అది 60 మిల్లీమీటర్ల నీరు. దాన్ని 0.014తో భాగించండి, 4.3 మీటర్లు వస్తుంది. నేలలో పదో వంతు వరి వేస్తే ఒక్క పంటకే మట్టం పద్నాలుగు అడుగులు దిగుతుందన్నమాట. 750 మిల్లీమీటర్ల వానలో పదో వంతు ఇంకిన ఏడాది మట్టం 5.4 మీటర్లు లేస్తుంది, పంట ఖర్చు పోను ఇంకా కొంత మిగులుతుంది. 400 మిల్లీమీటర్లే పడిన ఏడాది లేచేది 2.9 మీటర్లు. అదే వరి వేస్తే నికరంగా 1.4 మీటర్ల లోటు. పైగా కిందికి పోయేకొద్దీ పగుళ్లు పలచబడతాయి కాబట్టి అదే నీరు తోడినా మట్టం ఇంకా ఎక్కువ దిగుతుంది. మడిలోంచి తిరిగి ఇంకే నీరు కొంత ఆవిరై, మిగిలింది చిక్కబడి లవణాలతో పాటు దిగుతుందన్నది కూడా మరవకూడదు. ఫ్లోరైడ్ సమస్య ఉన్న చోట ఈ తిరుగుడు దాన్ని ఇంకా పెంచుతుంది.

అంటే మన రాయి చిన్న పాత్ర. ఒక మంచి వానకు నిండుతుంది, రెండు చెడ్డ ఏళ్లకు ఖాళీ అవుతుంది. ఇలాంటి చోట ధోరణి గీత ఏ ఏడు మొదలుపెట్టామన్న దాన్నిబట్టి మారిపోతుంది. ఉపగ్రహ లెక్కల్లో ఈ ఇబ్బంది మరీ స్పష్టం. గ్రేస్ జంట ఉపగ్రహాలు 2002 మార్చిలో ఎగిరాయి. ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ, ఆ దూరంలో వచ్చే అతిసూక్ష్మమైన మార్పులతో కింద నేల బరువు ఎంత మారిందో 2017 దాకా చెప్పాయి. ఆ ఏడే దేశంలో నైరుతి వానలు 19 శాతం దాకా తక్కువ పడ్డాయి. కరువు ఏటి నుంచి గీత మొదలైతే అది పైకే పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రేస్ కొలిచింది మొత్తం నీటి బరువు. అందులోంచి మట్టి తేమను, జలాశయాల నీటిని తీసేస్తే మిగిలేదే భూగర్భజలం. శ్రీశైలం, నాగార్జునసాగర్ నిండిన ఏడు ఆ నీటిని సరిగా తీసేయకపోతే డ్యాములోని నీరు నేలలోని నీరుగా లెక్కకు వస్తుంది. వందల కిలోమీటర్ల వెడల్పును ఒక్కటిగా చూసే పరికరానికి ఒక మండలం గురించి ప్రశ్న వేయడమే సరికాదు.

బావుల సగటుకూ ఒక హద్దు ఉంది. చౌటుప్పల్ దగ్గర బోర్ల మధ్య నీరు ఎలా ప్రవహిస్తుందో చూడటానికే ఏర్పాటుచేసిన ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడి పరిశీలనలు 2014లో వెలువడ్డాయి. మట్టం పైన ఉన్నప్పుడు మొరం అడుగు, పగుళ్ల పొర పైభాగం గుండా నీరు అడ్డంగా సాగి బోర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. మట్టం దిగాక ఆ దారి తెగి ప్రాంతం విడివిడి గదులుగా మారుతుంది. ఒక గదిలో నీరు ఉంటుంది, పక్క గది ఎండి ఉంటుంది. ఈ చేను బోరు పోస్తుండగా గట్టు అవతలి బోరు ఎందుకు ఎండిందన్న ప్రశ్నకు జవాబు ఇదే. మే నెలలో ఐదు గదుల సగటు ఎవరి నీటినీ చెప్పదు. ఎన్ని గదులు ఎండాయన్నదే అప్పుడు అడగవలసిన ప్రశ్న.

కాబట్టి మట్టాల పక్కన ఇతర సాక్ష్యాలు పెట్టి చదవాలి. చిన్ననీటి వనరుల గణన గొట్టపు బావులను 35 మీటర్ల లోపు, 35 నుంచి 70, 70 దాటినవి అని మూడుగా విడదీస్తుంది. ఇందాక చెప్పిన పగుళ్ల పొర అడుగును గుర్తుపెట్టుకుని ఆ పట్టికలు చూడండి. మూడో వరుస పెరుగుతూ మొదటిది తగ్గుతుంటే మట్టం గీత ఏం చెప్పినా నమ్మవలసింది గణననే. యాసంగిలో బోర్ల కింద సాగైన విస్తీర్ణం, వాడుకలో లేని బావుల సంఖ్య కూడా గట్టి సాక్ష్యాలే. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్తు, 2018 జనవరి నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా ఉన్నందువల్ల కరెంటు ఖర్చు తోడకానికి హద్దు కాదు, రాయే హద్దు. చెరువుల పూడికతీత వల్ల, కాలువ నీటి వల్ల, మంచి వానల వల్ల మట్టాలు నిజంగానే లేచిన ఏళ్లూ ఉన్నాయి, వాటిని కాదనడం లేదు. ఆ పెరుగుదలను కూడా ఇదే గీటురాయి మీద చూడమంటున్నాను.

చివరగా కొలత. దీన్ని ఊళ్లో ఎవరైనా చేయొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో ఏపీఫామ్‌జీఎస్ (రైతులే నిర్వహించుకునే భూగర్భజల వ్యవస్థలు) పథకం కింద రైతులే వాన, నీటిమట్టం కొలిచి యాసంగికి ముందు పంటల నీటి లెక్క వేసుకున్నారు. కావలసింది చివర ప్రోబు ఉన్న టేపు. ప్రోబు నీటిని తాకగానే బజర్ మోగుతుంది. కేసింగ్ అంచు మీద ఒకచోట పెయింటు గుర్తు పెట్టండి, ఎప్పుడు కొలిచినా అక్కడి నుంచే కొలవాలి. కేసింగ్ నేల మీదికి అర మీటరు లేచి ఉంటే ఆ అర మీటరు తీసేసి రాయాలి. ఈ తీసివేత ఒకసారి చేసి మరోసారి మరిచిపోవడం రిజిస్టర్లలో మామూలుగా కనిపించే తప్పు.

మోటారు కనీసం ముందు రాత్రి నుంచి ఆగి ఉండాలి. ఆటో స్టార్టర్ ఉంటే అది రాత్రి తానే మొదలుపెడుతుంది కనుక ముందే తీసేయండి. అరగంట తేడాతో రెండుసార్లు కొలవండి. మట్టం ఇంకా లేస్తూనే ఉంటే అది నిలకడ మట్టం కాదు, ఇంకాసేపు ఆగాలి. తక్కువ నీరు పోసే బోర్లు కోలుకోవడానికి చాలా సమయం తీసుకుంటాయి. పై పగులు నుంచి ధార కారే బోరులో ప్రోబు తడిసి ముందే మోగుతుంది. ఆగి ఆగి మోగితే అది ధార, ఇంకా కిందికి దించండి. ఆపకుండా మోగితేనే నీటిమట్టం. మోటారు వైరుకు, కాలమ్ పైపుకు టేపు చిక్కుకోకుండా బోరులో ముప్పావు అంగుళం పీవీసీ పైపు ఒకటి అడుగున రంధ్రాలు చేసి విడిగా దించి ఉంచితే పని సులువవుతుంది.

బోరు ఎండి ఉంటే గడి ఖాళీగా వదలొద్దు. ప్రోబు అడుగు తాకేదాకా దించి ‘ఎండింది, 38 మీటర్ల దాకా నీరు లేదు’ అని లోతుతో సహా రాయండి. వెళ్లలేకపోతే ‘కొలవలేదు’ అని, టేపు చిక్కుకుంటే ‘అడ్డు’ అని వేరుగా రాయండి. ఈ మూడూ ఒకటి కావు. మొదటి దాన్ని గణాంకాల్లో కనీస లోతుగా వాడుకోవచ్చు, మిగతా రెండింటినీ వదిలేయవచ్చు. ఎండిన బావికి బదులు పక్కన పిజోమీటరు (నీటిమట్టం కొలవడానికే వేసే బోరు) వేస్తే రెండు వరుసలనూ ఒకే గీతగా అతికించకూడదు. లోతైన బోరులో కనిపించేది కింది చీలికలోని పీడనం చూపే మట్టం, పాత బావిలోది పై మొరంలోని మట్టం. కొత్తదానికి కొత్త సంఖ్య ఇచ్చి, పాత బావికి వానాకాలంలో నీరు వచ్చే ప్రతి ఏడూ రెండింటినీ ఒకే రోజు కొలిచి, ఆ తేడాను రిజిస్టరులోనే పక్కన రాసి ఉంచాలి.