పెద్దమ్మ ఇన్సులిన్, ఎర్ర మూత సిరంజీ | దిల్‌సుఖ్‌నగర్ వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్తే. హైదరాబాద్ వచ్చింది కదా, చార్మినార్ గాజుల వీడియో పెడుతుందని చూస్తున్నారేమో. అది తర్వాత. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నాను. నేను బ్రిటన్‌లో వార్డు నర్సుని కాబట్టి మా చుట్టాలు చాయ్ కంటే ముందు రిపోర్టుల ఫైలు చేతిలో పెడతారు. అలవాటైపోయింది.

పెద్దమ్మ కొన్ని నెలలుగా ఇన్సులిన్ తీసుకుంటోంది. అయినా షుగర్ ఒకరోజు బాగా ఎక్కువ, ఇంకోరోజు తక్కువ. డిశ్చార్జ్ రోజు సిస్టర్ అన్నీ చెప్పి "అర్థమైందా అమ్మా?" అంటే తలూపి వచ్చేసిందట. కింద ఆటో ఆగి ఉంటే ఎవరైనా తలే ఊపుతారు. ఆ సిస్టర్‌కీ ఇంకెన్ని బెడ్లు ఉన్నాయో పాపం. అందుకే నేనేమీ చెప్పకుండా "రోజూ ఎట్లా వేసుకుంటావో నాకు చేసి చూపించు పెద్దమ్మా" అన్నాను.

కెమెరా దగ్గరకు తెస్తున్నా, చూడండి. సీసా మీద ఎంఎల్‌కి 40 యూనిట్లు అని ఉంది. సిరంజీ మూత ఎర్రగా ఉంది, అంటే ఇదీ 40 లెక్కదే. జోడీ కుదిరింది. మా వార్డులో సిరంజీలన్నీ 100 లెక్కవే కాబట్టి ఇక్కడికొస్తే నేను ముందు చూసేది ఇదే. 100 సిరంజీకి నారింజ రంగు మూత ఉంటుంది. దాంతో ఈ సీసాలోంచి 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తిరగేసి, 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజీతో 20 దాకా లాగారనుకోండి, 50 యూనిట్లు! ప్రాణం మీదికొస్తుంది. మెడికల్ షాపులో "అది లేదు, ఇది వాడండి" అంటే మాత్రం తీసుకోకండి.

తర్వాత ఆ తెల్లటి ఇన్సులిన్ సీసాని దగ్గు మందులా గిలకొట్టింది. అట్లా వద్దు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే చాలు.

అసలు సంగతి పొట్ట దగ్గర బయటపడింది. బొడ్డుకి కుడిపక్కన వేలితో తడిమితే చర్మం కింద మెత్తటి గడ్డ. "బిడ్డా, ఆడైతే నొప్పే తెల్వది" అంది. నొప్పి తెలియదని రోజూ అక్కడే పొడుచుకుంటోంది! ఒకే చోట వేస్తుంటే కొవ్వు అట్లా గడ్డ కడుతుంది, అక్కడ వేసిన మందు ఒకరోజు ఒంటికి పడుతుంది, ఒకరోజు పట్టదు. పొట్ట మీద బొడ్డుకి రెండు వేళ్ల దూరం వదిలి, రోజూ కాస్త జరుపుకుంటూ పోవాలి.

"అయితే రేపట్నుంచి ఎడమపక్క వేసుకుంటా" అంది వెంటనే. ఆగమన్నాను. మంచి చోట వేస్తే అదే డోసు గట్టిగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. డోసు మార్చడం నా పని కాదు, ఈవిడ డాక్టర్ నేను కాదు. పెద్దనాన్నతో క్లినిక్‌కి ఫోన్ చేయించాను. శనివారం ఉపవాసాల సంగతి కూడా అడగమన్నాను, ఇన్సులిన్ వేసుకుని తినకపోతే ఎట్లా?

షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకి మళ్లీ షుగర్ చూసుకోవాలి. పక్కింటి ఆంటీ చాక్లెట్ పెట్టమందట. అందులో కొవ్వు ఉంటుంది, చక్కెర రక్తంలోకి చేరడం లేటవుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఇదంతా పెద్దమ్మ చేత తిరిగి చెప్పించుకున్నాను. "పావుగంట" దగ్గర తడబడింది, మళ్లీ చెప్పించాను.

ఇంకా సూదులు. చెత్త ఆటో అబ్బాయి చేతికి గుచ్చుకోకుండా మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాలని చెప్పానో లేదో, పెద్దనాన్న షాంపూ డబ్బా కోసం బాత్రూమ్‌లోకి వెళ్లారు. దొరికినదాంట్లో సగం షాంపూ ఉంది, ఒంపేసేలా ఉన్నారు. నేను పోయి ఆపాలి, ఉంటానండీ!