పచ్చికర్ర పట్టు

శ్రోతలకు నమస్కారం.

1890లో ఎర్నెస్ట్ గిమ్సన్ అనే పాతికేళ్ల ఆర్కిటెక్ట్ ఇంగ్లండులోని హెర్ఫర్డ్‌షైర్‌లో బాస్‌బరీ అనే పల్లెకి వెళ్లాడు. ఇల్లు కట్టడానికి కాదు, కుర్చీ చేయడం నేర్చుకోవడానికి! నేర్పినాయన ఫిలిప్ క్లిసెట్. అప్పటికే ఆయనకి డెబ్బై దాటాయి.

విక్టోరియా రాణి ఏలుబడి చివరి రోజులవి. యంత్రాల మీద తయారై వస్తున్న సామాను చూసి విసుగెత్తిన చదువుకున్నవాళ్లు కొందరు, చేతిపనిని వెనకేసుకొచ్చిన రచయిత, డిజైనర్ విలియం మోరిస్ మాటలు తలకెక్కించుకుని, చేతిపని వైపు తిరిగారు. వాళ్లకది ఆదర్శం. క్లిసెట్‌కి తిండి పెట్టే పని.

ఆ పని ఎలా ఉంటుందో చూద్దాం. యాష్ అనే చెట్టు కర్ర, అదీ పచ్చిగా ఉండగానే. రంపంతో కోయరు, నిలువునా చీలుస్తారు. అప్పుడు కర్ర తన పోగు వెంబడే విడిపోతుంది, బలం పోదు. తర్వాత తరిమెన, అంటే కర్రని తిప్పుతూ చెక్కే సాధనం. పైన ఒక వంగే వాసం, కింద కాలితో తొక్కే పలక, రెంటికీ మధ్య తాడు. ఆ తాడు కర్రకి ఒక చుట్టు చుట్టి ఉంటుంది. తొక్కితే కర్ర మనవైపు తిరుగుతుంది, ఉలి ఆనించాలి. కాలు ఎత్తితే వాసం తాడుని పైకి లాగేస్తుంది, కర్ర వెనక్కి తిరుగుతుంది, ఉలి తీసెయ్యాలి. అంటే సగంసేపే కోత. రోజంతా ఇదే తొక్కుడు.

అసలు కిటుకు బిగింపులో ఉంది. కుర్చీ కాళ్లలో ఇంకా కాస్త పచ్చి ఉండాలి, అడ్డకర్రలు మాత్రం బాగా ఆరి ఉండాలి. బిగించాక కాలు ఆరుతూ కుంచించుకుపోయి అడ్డకర్రని పట్టేసుకుంటుంది. కూర్చునేచోట తుంగతో అల్లిక.

గిమ్సన్ అక్కడ ఉన్నది కొద్ది వారాలే. 1893లో తనలాగే ఆర్కిటెక్టులైన బార్న్‌స్లీ సోదరులతో కలిసి ఇంగ్లండులోనే కాట్స్‌వోల్డ్స్ అనే ప్రాంతపు పల్లెలకి చేరాడు. పెద్ద పెద్ద బీరువాలు, బల్లలు మాత్రం ఆయన గీసిచ్చేవాడు, చేసింది పీటర్ వాల్స్ అనే డచ్ మేస్త్రీ, ఆయన కింది పనివాళ్లు. సిడ్నీ బార్న్‌స్లీ అలా కాదు, తను గీసింది తనే చేసుకునేవాడు. నాకైతే ఆయన మీదే గౌరవం ఎక్కువ. ఏం లాభం, ఇంత చాకిరీతో చేసిన సామాను కొనగలిగింది డబ్బున్నవాళ్లే. క్లిసెట్ కుర్చీలు మామూలు ఇళ్లలోనూ ఉండేవి.

ఆయన 1913లో, 96 ఏళ్ల వయసులో పోయాడు. లండన్‌లో ఆర్ట్ వర్కర్స్ గిల్డ్ అనే సంఘం తన సమావేశాలకి ఆయన కుర్చీలే తెప్పించుకుంది. చేతిపని గొప్పతనం మీద ఉపన్యాసాలు వింటూ పెద్దమనుషులు కూర్చున్నది వాటి మీదే.