పారిస్‌లో 6 ఫ్రాంకుల రోజులు

[తెర మీద: రాత్రి, ఇరుకు సందు, ఒక్క కిటికీలోనే దీపం]

స్పిరిట్ స్టవ్ మీద అర లీటరు పాలు కాగుతున్నాయి. ఆఖరి 80 సెంటీమ్‌లు పెట్టి కొన్న పాలవి. నూరు సెంటీమ్‌లైతే ఒక ఫ్రాంకు, అప్పటి ఫ్రాన్స్ డబ్బు. ఇంతలో చేతి మీద నల్లి పాకింది. గోటితో ఒక్క మీటు మీటితే సరిగ్గా వెళ్లి పాలల్లో పడింది. ఇంకేముంది, పాలు పారబోసి పస్తు పడుకోవడమే.

ఇలాంటి ఆకలి రోజుల గురించి రాసుకున్నది ఎరిక్ బ్లేర్. బిహార్‌లోని మోతిహారిలో పుట్టాడు. బర్మాలో పోలీసు ఉద్యోగం వదిలేసి, రచయిత అవుదామని 1928లో పారిస్ చేరాడు. లోకానికి తెలిసిన పేరు జార్జ్ ఆర్వెల్.

పారిసే ఎందుకు? కళ, కేఫ్‌లు, స్వేచ్ఛ అంటారు. నన్నడిగితే ముందు మారకం రేటు అంటాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పౌండుకి సుమారు 25 ఫ్రాంకులు వచ్చేవి. 1928 నాటికి 124! లండన్‌లో చాలీచాలని డబ్బు ఇక్కడ నెలల తరబడి సరిపోయేది.

[మ్యాప్: లాటిన్ క్వార్టర్, ర్యూ ద్యు పో ద ఫేర్]

ఆయన గది ఈ సందులోనే. గోడలు అగ్గిపుల్లంత పలచన. ఊడిన వాల్‌పేపర్ వెనక నల్లుల సంసారం. గంధకం పొగ పెడితే పక్క గదికి పోయేవి. పక్కవాడూ పొగ పెడితే మళ్లీ ఇటే వచ్చేవి.

1929లో ఉన్న కాస్త డబ్బూ దాదాపు అంతా దొంగల పాలైంది. రోజుకి 6 ఫ్రాంకులతో నెట్టుకొచ్చాడు, బట్టలు తాకట్టు పెట్టాడు. చివరికి ఓ పెద్ద హోటల్లో ప్లోంజర్‌గా, అంటే అంట్లు తోమే పనికి కుదిరాడు. ఒక్క తలుపు అవతల పూలు, అద్దాలు. ఇవతల జిడ్డు, చెమట, తిట్లు. అంత చాకిరీ చేసొచ్చినవాడికి నిద్ర తప్ప ఇంకేం గుర్తుంటుంది?

ఒక మెలిక ఉంది. అప్పుడు ఆయన అమ్మ తోబుట్టువు నెల్లీ కూడా పారిస్‌లోనే ఉండేది. ఈ రోజుల గురించి తర్వాత రాసిన పుస్తకంలో ఆమె ఊసే లేదు! అడిగుంటే ఓ పూట భోజనం దొరికేదేమో. ఆ సంగతి దాచడం నాకు కొంచెం గుచ్చుకుంటుంది. పాలల్లో నల్లిని మాత్రం నమ్ముతాను.

[తెర మీద: క్లిప్పులు పెట్టిన కాగితాల కట్ట]

ఇంగ్లండ్ వెళ్లాక ఆ రాతప్రతి రెండు ప్రచురణ సంస్థల నుంచి తిరిగొచ్చింది. విసిగిపోయి, స్నేహితురాలు మేబెల్ ఫియర్జ్ చేతిలో పెట్టి, కాగితాలు పారేసి క్లిప్పులు ఉంచుకోమన్నాడు. ఆవిడ పారెయ్యలేదు, నేరుగా ఓ పుస్తకాల ఏజెంటు దగ్గరికి పట్టుకెళ్లింది. 1933లో 'డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్' అచ్చయింది. ఇంట్లోవాళ్లకి తలవంపులని అట్ట మీద సొంత పేరు వేయించుకోలేదు. జార్జ్ ఆర్వెల్ అన్న పేరు పుట్టింది అక్కడే.