జీతం వదిలే ముందు వేసుకోవాల్సిన లెక్క

అందరికీ నమస్కారం. ఉద్యోగం మానేసి సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకుందామని మీలో చాలామంది అనుకుంటున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే రాజీనామా ఇచ్చే ముందే మీ రోజు రేటు ఎంతో తేల్చుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

మామూలుగా ఏం చేస్తారంటే, ఇప్పటి జీతాన్ని పనిదినాలతో భాగించి, పైన కాస్త కలిపి అదే రేటు అంటారు. శని, ఆదివారాలు పోతే ఏడాదికి దాదాపు 261 రోజులు. మధ్యలో సెలవు పెట్టినా, జ్వరం వచ్చినా ఉద్యోగికి జీతం ఆగదు. కాంట్రాక్టర్‌కు పని చేసిన రోజుకే డబ్బు. సెలవులకు, అనారోగ్యానికి కలిపి 31 రోజులు తీసేయండి, 230 మిగులుతాయి. పని వెతుక్కోవడం, కొటేషన్లు, బిల్లులు, వసూళ్లు... వీటికి వారానికో రోజు పోతుంది. అలా 46 తీసేస్తే 184. ఒక పని అయ్యాక ఇంకోటి దొరికేదాకా 20 రోజులు ఖాళీ అనుకుందాం. మిగిలేవి 164. అంటే పాత రోజు జీతానికి 1.6 రెట్లు తీసుకుంటే, మీరు ఉన్నచోటే ఉన్నట్టు!

పెన్షన్‌లో కంపెనీ వేసే వాటా, ఆరోగ్య బీమా, కంప్యూటర్, అకౌంటెంట్ ఫీజు కూడా ఇక మీ నెత్తినే. ఇవన్నీ జీతంలో ఐదో వంతు అనుకున్నా రేటు 1.9 రెట్లకు చేరుతుంది. అంత అడగాలంటే మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. దయచేసి మొహమాటపడకండి. ఉద్యోగిని పెట్టుకుంటే అయ్యే ఈ ఖర్చులన్నీ క్లయింటుకు మిగులుతున్నాయి కదా.

మంచి రేటు దొరికినా డబ్బు ఆలస్యంగానే వస్తుంది. ఒకటో తేదీన చేసిన పనికి నెలాఖరున బిల్లు పెడతారు. గడువు 60 రోజులైతే మూడు నెలలకు గానీ చేతికి రాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా దిగితే టెన్షన్‌తో తక్కువ రేటుకే ఒప్పుకుంటారు. వచ్చిన ప్రతి బిల్లులోంచి పన్ను వాటాను వెంటనే వేరే ఖాతాలో వేసేయండి, అది మీ డబ్బు కాదు.

బీమా సొంతంగా తీసుకునేదేదో ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. పాత జబ్బులకు చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే అది గడిచేదాకా వాటి చికిత్సకు డబ్బు ఇవ్వరు. ఇంటి లోన్ ఆలోచన ఉన్నా అంతే, సొంత పని వాళ్లను బ్యాంకులు సాధారణంగా కొన్నేళ్ల ఆదాయ లెక్కలు అడుగుతాయి.

సంతకం చేసే ముందు కాంట్రాక్టులో మూడు విషయాలు చూడండి: చెల్లింపు గడువు, ఆలస్యమైతే వడ్డీ, పని మధ్యలో ఆపేస్తే ఎన్ని రోజుల నోటీసు. పెద్ద పనైతే అడ్వాన్స్ అడగండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.