నీళ్లలో పండే గింజ

సభకు నమస్కారం. ఇక్కడి దినుసులతో మన వంటల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. మొక్కజొన్న పిండి, మేపుల్ సిరప్ అన్నీ రాసుకొచ్చాను. అవి పక్కన పెడుతున్నాను. అమెరికాలోని ఈ మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటూ వైల్డ్ రైస్ గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

వచ్చిన కొత్తలో స్టోర్‌లో నల్లగా నిగనిగలాడే గింజలు కొన్నాను, పులిహోర కోసం. గంట ఉడికించినా పంటికింద పుల్లల్లా తగిలాయి. అత్తయ్యగారు ఒక్క మాట అనకుండా మజ్జిగ పోసుకుని తినేశారు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. ఆరేళ్లు దాని జోలికి పోలేదు.

తర్వాత ఒక సంతలో ఒజిబ్వే అనే ఇక్కడి ఆదివాసీ తెగ పెద్దావిడ నా దోసిట్లో గింజలు పోశారు. గోధుమరంగు, బూడిదరంగు కలిసి ఉన్నాయి, పొగ వాసన. "ఇది మనోమిన్, మా భాషలో వైల్డ్ రైస్ పేరు అదే, సరస్సులో పండింది. నువ్వు కొన్నది మడిలో పండించింది" అన్నారు. ఇది మన వరి కాదండీ, వేరే గడ్డిజాతి. 1977 నుంచి ఈ రాష్ట్ర ధాన్యం కూడా ఇదే.

ఆగస్టు చివర్లో ఇద్దరు దోనెలో వెళ్తారు. ఒకరు గడ వేస్తుంటే, ఇంకొకరు ఒక కర్రతో కంకులు వంచి, రెండో కర్రతో మెల్లగా తడతారు. ఆ కర్ర 30 అంగుళాలు దాటకూడదు, బరువు పౌండు లోపే ఉండాలి. ఇది చట్టం. పండిన గింజ దోనెలో రాలుతుంది, కొంత నీళ్లలో పడి వచ్చే ఏడాదికి మొలుస్తుంది. తెచ్చినదాన్ని ఇనప బాణలిలో వేయించి, కాళ్లతో తొక్కి, బిర్చ్ చెట్టు బెరడుతో చేసిన పళ్లెంలో చెరుగుతారు. వేయించడం, తొక్కడం, చెరగడం! ఆవిడ చెబుతుంటే, చేట పట్టుకుని గాలివాటం చూసుకునే మా అమ్మే కళ్లముందు కనిపించింది.

అక్కలూ, తమ్ముళ్లూ, సోనామసూరి కొనేటప్పుడు పాతదా, కొత్తదా అని ఎంత ఆరా తీస్తాం! ఇదీ అలాగే అడిగి కొనండి. మడి పంట మీద 'ప్యాడీ గ్రోన్' అని రాయాలని ఇక్కడ చట్టం ఉంది, ప్యాకెట్ తిప్పి చూడండి. చేత్తో కోసినదానికి రేటెక్కువే. ఆ డబ్బు దోనె నడిపినవాళ్లకు చేరాలంటే వాళ్ల దగ్గరే కొనండి.

సరస్సు గింజ ఇరవై నిమిషాల్లో ఉడికి విచ్చుకుంటుంది. చింతపండు పులుసు బాగా పడుతుంది, ఇంగువ మాత్రం తగ్గించండి, లేకపోతే పొగ వాసన పోతుంది. ఉడికిన గింజలు గుప్పెడు బ్రెడ్ పిండిలో కలిపి బేక్ చేసినా బాగుంటుంది.

ఆ బల్ల మీద రెండు గిన్నెల్లో పులిహోర పెట్టాను. ముందు నల్లది ఒక ముద్ద తినండి, తర్వాత రెండోది. అత్తయ్యగారు రెండో గిన్నె పక్కనే కూర్చున్నారు.